అవుసుల అంగట్లో ఇంగ్లీషు శంఖం

గద్వాలకు సంపాదకుడు పంపింది చీరల కోసం. నూలు ఒంటికి పట్టు అంచు కలిపే కుప్పడం నేతకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గదా, మగ్గాలు ఎలా ఉన్నాయో చూసి రమ్మన్నారు. కోట దగ్గరి సందులో అవుసులాయన అంగడి ముందు వాదన వినపడి ఆగాను. చీరలు మరో సంచికకు వెళ్ళాయి.

వనపర్తి నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరు పాత పంచెలో చుట్టి తెచ్చిన వస్తువును పీట మీద పెట్టారు. రాతిగుట్ట మీద పక్కకు ఒరిగిన శంఖం ఆకారం, జానెడు పొడవు, నోటికి కీలు మీద తెరుచుకునే మూత. కీలు చీల ఊడిపోయింది. సంస్థానం కచేరీలో కొలువు చేసిన తాత తెచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారట. అసలు వెండేనా, దేనికి వాడేవాళ్ళు అన్నవి ఆయన అడిగిన రెండు ప్రశ్నలు.

మొదటిదానికి ఎంతోసేపు పట్టలేదు. అవుసులాయన దాన్ని బోర్లించి, కంటికి కనపడని చోట ఆకురాయితో చిన్న గీటు పెట్టి, తేజాబు చుక్క వేశాడు. పచ్చగా పొంగింది. ‘‘ఎండి కాదు సార్, పైన మలామే’’ అన్నాడు. లోపలిది మన పెళ్ళిళ్ళలో కానుకలుగా తిరిగే జర్మన్ సిల్వరే. రాగి, నికెల్, తుత్తునాగం కలిపిన లోహం. అడుగున ఈ.పీ.ఎన్.ఎస్. అన్న ముద్ర కూడా ఉంది. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్లు విద్యుత్తుతో వెండి పూత పట్టించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక ఇంగ్లండులో ఇలాంటి సామాను విపరీతంగా తయారైంది. అసలు వెండి కొనలేని ఇళ్ళ భోజనబల్లలు కూడా తళతళలాడాయి.

టీచరు ముఖం వాడిపోయింది. ఆ పూట చూడాల్సింది మాత్రం ఆ తర్వాతే మొదలైంది.

డెబ్బై దాటిన అవుసులాయన చేతులు వస్తువును వదల్లేదు. కుడి బొటనవేలి గోరుతో లోపలి గోడను మెల్లగా తడిమాడు. సగానికి కాస్త పైన సుద్ద గీత ఒకటి తగిలింది. ‘‘నీళ్ళు పోసినారు. కాగిన నీళ్ళే అయ్యుంటాయి, సుద్ద ఇట్ల గట్టిగా పట్టింది.’’ తర్వాత మూతి చుట్టూ వేలు తిప్పాడు. ‘‘వంచే మూతి యాడుంది? ఇది ఒంపేది కాదు.’’ టీచరు పన్నీటి బుడ్డేమో అన్నారు. దానికి పొడుగాటి మెడ, కొసన జల్లెడ కన్నాలు ఉండాలి. తాంబూలం సామానా? అయితే ఆకులకో అర, వక్కలకో అర, సున్నానికో గిన్నె ఉండేవి. తమ్మపడిగ అనుకుందామంటే దాని నోరు వెడల్పుగా విచ్చుకోవాలి, నడుము సన్నబడాలి.

ఆఖరున కళ్ళద్దాలు నొసటికి ఎక్కించి, వస్తువును ఎండలోకి తిప్పాడు. అంచుకు ఒకే పక్క, లోపలివైపు సన్నని గీతలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ‘‘ఇనుమో ఎండో, ఏదో ఈడ ఆనిచ్చి తీసినారు. ఒకసారి కాదు, శానాసార్లు.’’

వేడినీళ్ళు పోస్తారు, ఒంపరు, లోపల లోహపు వస్తువులు నిలబెడతారు. విక్టోరియా రాణి కాలపు వెండి సామాను బొమ్మలు చూసిన ఎవరికైనా ఇక చెప్పనక్కర్లేదు. అది గరిటెలు వెచ్చబెట్టే పాత్ర. పెద్ద ఇళ్ళలో వంటగది ఒక చివర, భోజనాల గది మరో చివర. ఇంగ్లండు చలికి చల్లారిన గరిటె తగలగానే మాంసపు పులుసులో కొవ్వు పేరుకుంటుంది. అందుకని గరిటెలను వేడినీళ్ళ శంఖంలో ఉంచేవాళ్ళు. మే నెలలో గద్వాలలో గరిటె వెచ్చబడడానికి ఏ పాత్రా అక్కర్లేదు. అయినా దొరల మర్యాదలతో పాటు ఇలాంటివి మన దాకా వచ్చాయి.

ఇంగ్లీషువాడి పాత్ర సంగతి ఇలా తేలింది. మన వస్తువుల సంగతే చికాకు పుట్టిస్తుంది. టీచరు కంటే ముందు ఒకావిడ ఉగ్గుగిన్నె తెచ్చి, కరిగించి పట్టీలు చేయమంది. ‘‘ఇప్పుడు ఉగ్గు ఎవరు పెడుతున్నారన్నా?’’ అన్న ఆమె మాటలో తప్పు లేదు. అదే పనికి పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులోనూ పడవ ఆకారపు చిన్న వెండి గిన్నె ఉండేది. దాన్ని అక్కడ సేకరించి ముద్రలు చదివి కాలం తేల్చుకుంటున్నారు. మన దగ్గర గ్రాములు చూసి మూసలో వేస్తున్నారు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, శంఖం మిగిలింది దానిలో వెండి లేకే. నిజం వెండి ప్రతి పెళ్ళికీ ప్రతి కరువుకూ కరిగి కొత్త ఆకారం ఎత్తింది. పూత సామాను కరిగిస్తే గిట్టదు, అటక మీదే ఉండిపోయింది.

1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాక ఈ ప్రాంతపు సంస్థానాల కట్టడాలకు ఏదో ఒక పని దొరికింది. వనపర్తి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల కోటలో చెన్నకేశవస్వామి గుడి పక్కనే కాలేజీ ఉంది. గోడలకు దొరికిన ఆ అదృష్టం ఇంటి సామానుకు పట్టలేదు. ఏ మ్యూజియం అద్దాల పెట్టె ముందు నిలబడ్డా ‘వెండి పాత్ర’ అన్న చీటీ తప్ప, ఎవరి ఇంట్లోది, దేనికి వాడారు అన్న ముక్క కనపడడం అరుదు. కొల్లాపూర్ నుంచి గద్వాల దాకా ముసలి అవుసులవాళ్ళను కూర్చోబెట్టి, ఇళ్ళలోని సామాను ముందుంచి, వాళ్ళు చెప్పేది రాసుకుంటే జిల్లాకో పుస్తకం అవుతుంది. దీనికి కావలసింది ఒక కెమెరా, కాస్త తీరిక. నిధులు లేవన్న సాకు ఇక్కడ చెల్లదు.

టీచరుకు మాత్రం పూత కొత్తగా పట్టించాలని ఉంది. అవుసులాయన ఒప్పుకోలేదు. మెరుగు పెడితే ఆ సుద్ద గీత పోతుంది, అంచు గీతలూ పోతాయి, రేపు ఇంకొకడు అడిగితే చూపించడానికి ఏముంటుంది అని వాదించాడు. కీలుకు చీల మాత్రం బిగించి ఇచ్చాడు. మజూరి యాభై రూపాయలు.

‘‘గరిటెలకా!’’ అంటూ టీచరు తన ఇంటికి ఫోను కలిపి సంగతంతా చెప్పారు. అవతల గొంతు గట్టిదే, మాకూ వినపడింది. గరిటెలకైతే స్టాండు ఉంది, ఆ శంఖం తీసుకొస్తే టీవీ దగ్గర తాళంచెవులు వేసుకుంటానంది.