మూసాపేటలో మూడు సెకన్లు

'క్లచ్ అయినా మానేయండి, కారైనా మానేయండి'... ఎడమ మోకాలి ఎక్స్‌రే చూసి డాక్టరు అన్న మాట అది. ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ. కేపీహెచ్‌బీ నుంచి అమీర్‌పేటలోని బ్యాంకుకి పన్నెండేళ్లుగా తన కారు తనే నడుపుకుంటూ వెళ్తోంది మరి. దారిలో కూరగాయలు, పాలు, అత్తగారి మందులు అన్నీ ఆ కారులోనే. నెత్తిమీదే మెట్రో ఉందిగా అంటారు అందరూ. ఆ సంచులన్నీ ఇంటిదాకా మోసేది మెట్రో కాదుగా!

అలా మొదలైంది కొత్త కారు వేట.

ఆయనకి అప్పటికే డాలస్‌లో ఉన్న కూతురు ఫోన్లో నూరిపోసింది. 'నాన్నా, ఫ్రీవే మీద ట్రాఫిక్ ఉంటే నేను పెడల్ ముట్టుకోను. ముందు కారు ఆగితే నాదీ ఆగుతుంది, అది కదిలితే ఇదీ కదులుతుంది' అని. దాని పేరు అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్. ముందు బండి ఎంత దూరంలో, ఎంత వేగంతో పోతోందో రాడార్ కనిపెడుతుంటే ఇంజినూ బ్రేకులూ దాన్నిబట్టి సర్దుకుంటాయి. అసలు క్రూయిజ్ కంట్రోల్ కనిపెట్టిందే రాల్ఫ్ టీటర్ అనే చూపులేని అమెరికా ఇంజినీరు. ఆయన లాయరు కారు నడుపుతూ మాట్లాడేటప్పుడు వేగం తగ్గించి, వినేటప్పుడు పెంచేవాడట. ఆ కుదుపులు పడలేక చేసిన ఆలోచనకి 1950లో పేటెంట్ వచ్చింది. ఈ కథ విన్నాక ఆయన మనసు ఇక రాడార్ మీంచి మళ్లలేదు.

ఆవిడ మాత్రం షోరూమ్‌లో ఒకటే అడిగింది. 'పూర్తిగా ఆగి, మళ్లీ తనంతట తనే కదులుతుందా?'

సేల్స్ కుర్రాడు నీళ్లు నమిలాడు. బ్రోషర్‌లో పేరు ఒకటే అయినా అన్ని కార్లలో పని ఒకటి కాదు. కొన్నింటిలో ముప్ఫై కిలోమీటర్ల వేగం దాటితేనే పనిచేస్తుంది, అంతకన్నా తగ్గితే చేతులెత్తేస్తుంది. 'స్టాప్ అండ్ గో' ఉన్నవి పూర్తిగా ఆగుతాయి. వాటిలోనూ చాలావరకు రెండు మూడు సెకన్లకు మించి ఆగితే మనమే బటన్ నొక్కాలి, లేదా యాక్సిలరేటర్ తాకాలి. మూసాపేటలో మూడు సెకన్లలో ట్రాఫిక్ కదిలిన సాయంత్రం ఎవరైనా చూశారా?

టెస్ట్ డ్రైవ్‌కి ఆదివారం పొద్దున్నే రమ్మన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. మంగళవారం సాయంత్రం ఆరున్నరకి, ఎర్రగడ్డ నుంచి కూకట్‌పల్లి వైపు వెళ్దామంది.

భరత్‌నగర్ వంతెన దాకా బ్రహ్మాండం. 'చూశావా' అంటూ ఆయన మొహం వెలిగిపోయింది. ఆ తర్వాతే చిక్కొచ్చింది. ఎంత తగ్గించి పెట్టినా ఆ కారు ముందు బండికి కాస్త ఎడం వదులుతుంది. మన రోడ్డు మీద ఎడం వదలడమంటే రమ్మని పిలవడమే! ఓ ఆటో దూరింది, కారు నెమ్మదించింది. ఇంకోటి దూరింది, మళ్లీ నెమ్మదించింది. వెనక ఒకటే హారన్లు. ఇంతలో ఎడమ పక్కనుంచి ఓ మోటార్‌సైకిల్ వంకరగా ముందుకొచ్చేసింది. కారు కదిలే ఊపులోనే ఉంది. ఆవిడ కాలు బ్రేక్‌ని తొక్కేసింది. బండి వెనక కూర్చున్న పాప ట్యూషన్ సంచికీ బంపర్‌కీ మధ్య జానెడు దూరం. ఆ పాప వెనక్కి తిరిగైనా చూడలేదు.

కారుని అనడానికీ లేదు. బైకుల్ని, పక్కనుంచి దూరే బండ్లని ఒక్కోసారి గుర్తించకపోవచ్చని కారుతో ఇచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. చదివేదెవరు గనక!

ఇంటికొచ్చాక ఆవిడ లెక్క తేల్చేసింది. ఈ దారిలో కుడికాలు ఎలాగూ బ్రేక్ దగ్గరే కాచుకుని ఉండాలి. నొప్పేమో ఎడమకాలిది. దానికి కావాల్సింది క్లచ్ లేకపోవడం, అంతే. రాడార్ లేని ఆటోమేటిక్ కొన్నారు. మిగిలిన డబ్బులో కొంత ఫిజియోథెరపీకి పోయింది.

సంక్రాంతికి విజయవాడ బయల్దేరితే పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారు. ఆటోలు లేవు, అడ్డొచ్చే బైకులూ లేవు. స్టీరింగ్ మీద ఆయన. 'ఇదిగో, ఇక్కడ పనికొచ్చేది' అన్నాడు ఉండబట్టలేక.

ఆవిడ బత్తాయి తొన ఒకటి ఆయన చేతిలో పెట్టింది. 'ఇది ఏడాదికోసారండీ. మూసాపేట రోజూ కదా... కదిలింది, పోనివ్వండి.'