గులాబీ తోటలో విన్న మాట

అప్పా జంక్షన్ దాటితే బీజాపూర్ రోడ్డుకు రెండువైపులా మర్రిచెట్లు. మొయినాబాద్ దగ్గర ఆ నీడ వదిలి, ఆశా కార్యకర్త వెంట ఒక గులాబీ తోటలోకి వెళ్లాను. కూలీ ఆడవాళ్లు సద్ది విప్పుకునే వేళ.

"ఏమన్న పరేషాన్ ఉందా అక్కా?" అని ఆమె అడిగితే చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒకామె తల వంచుకొని చెప్పింది: "తెల్లబట్ట అయితుంది. గోలీలు ఏసుకుంటే తక్కువైతది, రెండు నెలలకు మళ్ల అయితది. దినాం లోపటిదాక సబ్బు పెట్టి కడుగుతున్న."

ఆ చివరి మాట నన్ను కుదిపేసింది. తనలో మురికి ఉందనుకొని ఆమె తన కాపలాదారులనే కడిగేసుకుంటోంది. యోనిలో ఉండే లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే సూక్ష్మజీవులను 1892లోనే జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్‌లైన్ వర్ణించాడు. అవి పుట్టించే పులుపు చెడ్డవాటిని పెరగనివ్వదు. సబ్బు, అనవసరపు యాంటీబయాటిక్ ఈ మేలుచేసేవాటినే దెబ్బతీస్తాయి.

"పాలల్ల తోడు లెక్కనా?" అంది ఒక పెద్దమ్మ. అచ్చం అంతే. "అయితె పెరుగు పెట్టుకోవచ్చా బిడ్డా?" వద్దన్నాను. పెరుగు తినడానికే, దానిలోని సూక్ష్మజీవులు వేరు.

సరైన తోడును వెతికే పని బయటి దేశాల్లో నడుస్తోంది. అమెరికాలో 228 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. మెట్రోనిడజోల్ జెల్ వాడాక లాక్టోబాసిల్లస్ క్రిస్పేటస్‌ను యోనిలో పెట్టినవారిలో 12 వారాల్లోపు చెడ్డ సూక్ష్మజీవులు పెరిగే సమస్య 30 శాతం మందికి తిరగబెట్టింది; ఉత్తుత్తి మందు పెట్టినవారిలో 45 శాతం మందికి. ఇజ్రాయెల్ వైద్యులు ఆరోగ్యవంతుల యోని స్రావాన్నే అదే సమస్య ఉన్న ఐదుగురికి మార్పిడి చేస్తే నలుగురు చాలాకాలం బాగున్నారు. ఇవింకా మన ఊళ్లకు రాలేదు. మందుల షాపులో అమ్మే ప్రోబయాటిక్ గోలీలు వీటికి బదులు కావు.

మనకిప్పుడే అందేది వేరొకటుంది. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు భర్తకూ మందిచ్చి చూశారు. తిరగబెట్టడం 63 నుంచి 35 శాతానికి తగ్గింది. అది చెప్పగానే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లూ తప్పంతా తమదే అనుకున్నారు మరి.

సాయంత్రం చేవెళ్ల దగ్గర క్యారెట్ చేలోనూ అదే గోడు, అదే సబ్బు.

అక్కలారా, లోపల కడగడం ఈ రోజే మానండి. మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టరు దగ్గరికి మీ ఆయనను కూడా వెంట తీసుకెళ్లండి. పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే ఒక్కరోజు కూడా ఆగకండి.