అక్క తలనొప్పి, ఐదు గ్రాముల ఒత్తిడి

“వర్ధన్నపేటలో క్రేనియోసేక్రల్ థెరపిస్ట్ ఎవరన్నా ఉన్నరా, చూడరా” అంది అక్క. రెండేళ్ల మైగ్రేన్ ఆమెది. రీల్స్‌లో ఎవరో తల పట్టుకుని నొప్పి మాయం చేశారట. గూగుల్‌లో కొడితే ఫిజియోథెరపీ క్లినిక్‌లు వచ్చాయి, రెండు బ్యూటీ పార్లర్లు కూడా! ఒకాయనకు ఫోన్ చేస్తే పది సిట్టింగ్‌ల ప్యాకేజీ చెప్పాడు. మిషన్ కుట్టి అక్క నెలకు సంపాదించేది దాదాపు అంతే.

అందుకే కాస్త చదివాను. 1970లలో అమెరికాలో జాన్ అప్లెడ్జర్ అనే ఆస్టియోపతి డాక్టర్ రూపుదిద్దిన పద్ధతి ఇది. తల, వెన్ను మీద 5 గ్రాముల ఒత్తిడితో తాకుతారు. మన ఐదు రూపాయల బిళ్లే అంతకన్నా బరువు! మెదడు చుట్టూ ఉండే ద్రవం లయ వేళ్లకు తెలుస్తదంటారు. ఒకే మనిషిని వేర్వేరు థెరపిస్టులు పట్టి చూసిన పరీక్షల్లో మాత్రం లెక్కలు కలవలేదు. హాయిగా అనిపించొచ్చు, నాయినమ్మ నూనె మర్దన కూడా హాయే కదా. మైగ్రేన్ తగ్గుతుందనడానికి గట్టి రుజువైతే లేదు.

మీరూ వెతుకుతుంటే, బీపీటీ చదివారా అని ముందు అడగండి. చేయి తిమ్మిరెక్కినా, నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడినా నేరుగా ఆస్పత్రికే పోవాలి.

వరంగల్ దాకా పల్లెవెలుగు బస్సు ఆడవాళ్లకు ఫ్రీ. సోమవారం అక్కని ఎంజీఎం ఓపీకి తీసుకెళ్తున్నా. నొప్పి ఎప్పుడొచ్చింది, ఎంత నిద్రపోయింది, అన్నీ ఇప్పటినుంచే ఫోన్‌లో రాసుకుంటోంది.