లాప్‌టాప్‌లో ఎయిర్ కోస్టా

మా వర్చువల్ ఎయిర్‌లైన్‌లో పైలట్లం నలుగురం. ఒక్కడూ నిజం విమానం ఎక్కలేదు. రంగులెయ్యడం నా పని. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలై 2017లో ఆగిపోయిన ఎయిర్ కోస్టా గుర్తుందా? దాని ఎంబ్రాయర్ ఫొటోలు చూసుకుంటూ గింప్‌లో రంగు వేశాను. విమానం ఒళ్ళంతా విప్పి పరిచిన చీరలా ఒకే బొమ్మగా కనిపిస్తుంది. కొన్ని మోడళ్ళలో రెండు పక్కలకీ ఒకటే ముక్క. ఒకవైపు అక్షరాలు సరిగ్గా ఉంటే రెండోవైపు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. అదో తలనొప్పి.

"గోడకి సున్నమెయ్యమంటే రావు గానీ, ఈ ఇమానానికి ఎన్ని రోజులేట్రా?" అంటాది అమ్మ.

ముక్కు దగ్గర తెలుగులో 'శ్రీకాకుళం' అని రాశాను. ఎగిరేది మాత్రం విశాఖ నుంచే. నాన్న చెన్నైలో పనికెళ్ళాడు. రైల్లో రాత్రంతా ప్రయాణం. నా ఎంబ్రాయర్‌కి గంటన్నర చాలు. వీడియో కాల్‌లో చూపిస్తే ఒక్కటే అడిగాడు: "టిక్కెట్టెంతరా?"