అసలు ఎందుకు వెళ్తున్నావురా?

పోయిన నవంబరులో ఒక శనివారం పొద్దున్నే మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామయ్యా, నీకో ఫైలు పంపించా. కాస్త ఇంగ్లీషు చూసి పెట్టు. డిసెంబరు 15 డెడ్‌లైను" అన్నాడు. తీరా తెరిచి చూస్తే ఎస్సోపీ. అదేనండీ, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేసినవాళ్ళకి దీని గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్తున్నా, నేను ఫలానా కోర్సు, ఫలానా యూనివర్సిటీలో ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్తూ రాసే ఒకటి రెండు పేజీల వ్యాసం అది.

మొదటి వాక్యం చదవగానే నవ్వాగలేదు. "చిన్నప్పటినుంచీ నాకు ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అంటే అమితమైన ఆసక్తి" అని ఉంది. వీడు చిన్నప్పుడు అమితంగా ఇష్టపడింది పూతరేకులు ఒక్కటే, నాకు బాగా తెలుసు. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి వాక్యమే నేనూ రాశాను, 2003లో. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ బదులు కంప్యూటర్ నెట్‌వర్క్స్ అని రాశా, అంతే తేడా.

నిజానికి నేను కంప్యూటర్ని మొదటిసారి ముట్టుకుంది ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో. చెప్పులు బయట విడిచి, ఏసీ ల్యాబులో భయభక్తులతో అడుగు పెట్టేవాళ్ళం. మరి చిన్నప్పటినుంచీ ఆసక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? ఒక సీనియర్ ఇచ్చిన ఫ్లాపీలోంచి! ఆయన ఎస్సోపీలో కాలేజీ పేరు, ప్రాజెక్టు పేరు మార్చుకున్నా. ఆయన కూడా ఇంకో సీనియర్ దగ్గర తెచ్చుకున్నదేనట.

మిగతా తంతు కూడా అలాగే నడిచింది. బేరన్స్ పుస్తకంలో పదాలు బట్టీ పట్టడం (అబేస్, అబాష్, అబేట్... ఏ అక్షరం దాటినవాడు మొనగాడే). సార్ దగ్గరికి రికమండేషన్ లెటర్ కోసం వెళ్తే, "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అన్నారు. ముగ్గురు సార్లూ అదే మాట. అలా మూడు లెటర్లలో నన్ను నేనే పొగుడుకున్నాను. అప్లికేషన్ ఫీజులు అమెరికాలో ఉన్న ఇంకో సీనియర్ కార్డు మీద కట్టించి, ఆ డబ్బులు ఇక్కడ వాళ్ళ నాన్నగారికి ఇచ్చాం. ట్రాన్‌స్క్రిప్టులు సీలు కవర్లో పెట్టించి, కవరు అతుకు మీద సంతకం వేయించుకోడానికి ఆఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగాను. ఇన్ని చేసినవాణ్ణి ఆ యూనివర్సిటీలో ఏం చెప్తారో మాత్రం ఒక్కరోజూ చూడలేదు.

అయినా ఒక చోటినుంచి అడ్మిషన్ వచ్చింది. ఐ-20 కొరియర్లో రాగానే అమ్మ తీసుకెళ్ళి దేవుడి దగ్గర పెట్టింది. నేను చిలుకూరు వెళ్ళి 11 ప్రదక్షిణలు చేసొచ్చాను. అప్పటికి హైదరాబాదులో అమెరికా కాన్సులేటు లేదు (2008 అక్టోబరులో బేగంపేటలో మొదలైంది, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకి మారింది). కాబట్టి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్ళి, జెమినీ ఫ్లైఓవర్ దగ్గర క్యూలో నిలబడ్డాను.

లోపల ఆఫీసరు చాలా మర్యాదగా అడిగాడు, "ఈ యూనివర్సిటీయే ఎందుకు?" అని. రిహార్సల్ చేసుకున్న జవాబే కాబట్టి గడగడా అప్పజెప్పా. మంచి ఫ్యాకల్టీ, మంచి ల్యాబులు అని. "ఫ్యాకల్టీలో ఎవరు?" అన్నాడు. ఒక పేరు చెప్పా. "ఆయన దేనిమీద పని చేస్తున్నారు?" అన్నాడు.

నీళ్ళు నమిలాను.

రెండు నిమిషాల్లో 214(బి) అని రాసున్న కాగితం చేతికొచ్చింది. ఇతను చదువుకోడానికే వెళ్తున్నాడనీ, చదువయ్యాక వెనక్కి వస్తాడనీ నమ్మకం కుదరలేదని దానర్థం. నెల తర్వాత మళ్ళీ వెళ్తే మళ్ళీ అదే కాగితం. "ఆ రోజు ఆఫీసరు మూడ్ బాలేదు" అని ఇరవయ్యేళ్ళపాటు అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. మూడ్ బానే ఉందండీ. నా దగ్గరే జవాబు లేదు. ఈ మాట ఒప్పుకోవడం ఇదే మొదటిసారి.

సరే, నా గోల అలా ఉంచితే, మావాడి సంగతి ఇంకా పెద్దది. నా అప్పుడు పోయింది ఫీజులు, రైలు ఛార్జీలు, కాస్త పరువు. వీడికి 45 లక్షల లోను కావాలి. మా బావ గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. ఆయనకున్నది ఒక్కటే ఇల్లు. ఆ ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాలి. అంటే ఇల్లు తాకట్టు పెట్టి కొనే వస్తువుకి మావాడు రాసిన కారణం, వాడికే నమ్మకం లేని ఆ ఒక్క వాక్యం.

"ఈ ఎనిమిది యూనివర్సిటీలు ఎలా ఎంచుకున్నావురా?" అని అడిగా.

"కన్సల్టెన్సీ వాళ్ళిచ్చారు మామయ్యా. రెండు ఆంబిషియస్, నాలుగు మోడరేట్, రెండు సేఫ్."

"ఎస్సోపీ?"

"సగం వాళ్ళది, సగం చాట్‌జీపీటీ."

ఆహా, మా రోజుల్లో ఫ్లాపీ, ఇప్పుడు ఇది. టెక్నాలజీ మాత్రమే పెరిగింది.

నవ్వులాటకి చెప్పట్లేదు. 2023-24లో అమెరికాలో చదివే మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది చైనాని దాటి మొదటి స్థానంలోకొచ్చాం. అందులో మనవాళ్ళెంతమందో వేరే చెప్పాలా, మన అపార్ట్‌మెంట్లో లెక్కేసుకుంటే చాలు. ఇంతమంది వెళ్ళేచోట "ఎందుకు" అనే ప్రశ్న ఎవరూ అడగరు. అందరూ వెళ్తున్నారు కాబట్టి. 2011 జనవరిలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్ళకి రేడియో ట్యాగులు కట్టిన సంగతి గుర్తుంది కదా? 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అక్కడి ప్రభుత్వమే వల వేయడానికి పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. క్లాసుల్లేవు, పాఠాలు చెప్పేవాళ్ళూ లేరు. రెండింట్లోనూ ఇరుక్కున్నవాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళే. తెలిసి చేరినవాళ్ళున్నారు, నిజంగా మోసపోయినవాళ్ళూ ఉన్నారు. కానీ చేరేముందు "అక్కడ నాకు ఏం పాఠం చెప్తారు?" అని అడిగి ఉంటే కొందరైనా బయటపడేవారేమో.

ఉద్యోగం కోసం వెళ్ళాలనుకోవడం తప్పని నేననను. నేనూ సాఫ్ట్‌వేర్ కూలీనే. కానీ అలాగైతే లెక్క కూడా ఇంట్లో కూర్చుని నిజాయితీగా వేసుకోవాలి. చదువయ్యాక ఓపీటీ 12 నెలలు, మన బ్రాంచీలకి ఇంకో 24 నెలలు. ఆ తర్వాత హెచ్-1బి లాటరీ, ఏడాదికి 85,000 వీసాలు, అన్ని దేశాల వాళ్ళకీ కలిపి. లాటరీ తగలకపోతే 45 లక్షల మీద వాయిదాలు ఇక్కడి జీతంతో కట్టగలమా? ఈ లెక్క కన్సల్టెన్సీ వేసిపెట్టదు. కొన్ని యూనివర్సిటీలు ఏజెంట్లకి కమీషన్ ఇస్తాయి కూడా. మరి వాళ్ళ లెక్క వేరే ఉంటుంది కదా.

అందుకని మావాడికి ఒక పని చెప్పా. "ఇంగ్లీషు తర్వాత దిద్దుతా. ముందు ఎందుకు వెళ్తున్నావో తెలుగులో రాసి పంపు. మీ నాన్నకి చెప్తున్నట్టు రాయి." వాడు గొణిగాడు. రెండు రోజుల తర్వాత ఒకటిన్నర పేజీ వచ్చింది.

వాడు ఇంటర్లో ఉండగా ఒక రాత్రి కోల్డ్ స్టోరేజీలో కరెంటు పోయిందట, జనరేటరు మొరాయించిందట. బావ అర్ధరాత్రి బండేసుకుని పరిగెత్తాడు. లోపలున్నవి రైతుల మిర్చి బస్తాలు మరి. అది గుర్తుపెట్టుకుని బీటెక్ మూడో ఏడు వీడొక చిన్న బోర్డు, సెన్సరు కొని, లోపల వేడి పెరిగితే నాన్న ఫోనుకి మెసేజీ వచ్చేలా చేశాడు. వారం తిరక్కుండానే బావ దాన్ని ఆపేశాడు. ఎందుకంటే హమాలీలు బస్తాలు దించడానికి తలుపు తీసినప్పుడల్లా మెసేజీలే! "తలుపు తీస్తే పెరిగే వేడికీ, మిషను ఆగిపోతే పెరిగే వేడికీ తేడా యంత్రానికి ఎలా తెలుస్తుంది? నాకు ఇది నేర్చుకోవాలనుంది" అని చివర రాశాడు.

చదివి కాసేపు అలాగే కూర్చున్నా. వాడికి ఫోన్ చేసి, "ఇది ఎస్సోపీలో ఎందుకు లేదురా?" అంటే, "మిర్చి గోడౌను గురించి రాస్తే నవ్వుతారన్నారు మామయ్యా" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని మళ్ళీ వెతికాం. ప్రొఫెసర్ల పేజీలు, కోర్సుల జాబితాలు వాడే చదివాడు. ఎనిమిదిలో అయిదు ఎగిరిపోయాయి. "సేఫ్" అన్న ఒకదాన్లో వీడికి పనికొచ్చే కోర్సు ఒక్కటీ లేదు. కొత్తగా రెండు చేరాయి. మొత్తం అయిదు. రికమండేషన్ కోసం వాడి ప్రాజెక్టు గైడ్ దగ్గర కూర్చుంటే, ఈసారి ఆవిడే రాశారు. ఆ అయిదింట్లో ఎక్కడా రాకపోతే ఏడాది ఉద్యోగం చేసి మళ్ళీ చూస్తానని వాడే వాళ్ళ నాన్నతో అన్నాడట. అప్పటిదాకా ఇంటి కాగితాలు బీరువాలోనే ఉంటాయి.

ఆ రోజు రాత్రి బావ ఫోన్ చేశాడు. "బావా, వీడికి వస్తుందంటావా?"

"తెలీదు బావా. అడ్మిషన్ వచ్చినా వీసా వస్తుందో లేదో చెప్పలేం. కానీ ఎందుకు అని అడిగితే మాత్రం నాలా నీళ్ళు నమలడు" అన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ మెసేజీల పెట్టె ఇంకా అటక మీదుంది, దింపమంటావా?" అన్నాడు.

అదండీ సంగతి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరైనా "అంకుల్, కాస్త ఇంగ్లీషు చూడండి" అని ఇలాంటి ఫైలు పంపిస్తే, కామాలు ఫుల్‌స్టాపులు దిద్దేముందు ఒక్క ప్రశ్న అడిగి చూడండి. తిట్టుకుంటారు. ఫర్లేదు.

అన్నట్టు, నా 2003 ఎస్సోపీ ఉన్న ఫ్లాపీ అమ్మ బీరువాలో ఇప్పటికీ భద్రంగా ఉంది. దాన్ని చదివే మిషను ఇంట్లో లేదు. లేకపోవడమే మంచిదయింది.