చాపమీద చోటు

వృద్ధాశ్రమం చూడ్డానికి వెళ్లినప్పుడు మనం ఏం చూస్తాం చెప్పండి? గచ్చు తళతళలాడుతోందా, దుప్పట్లు ఉతికినవేనా, ఫ్యాన్లు తిరుగుతున్నాయా, వంటింట్లో బొద్దింకలున్నాయా... ఇవేగా! పెళ్లిచూపులకి వెళ్లి పిల్ల జడ పొడుగు చూసి వచ్చినట్టు. కాపరం చేసేది జడ కాదని తర్వాతెప్పుడో తెలుస్తుంది.

మా పిన్నిని మొదటిసారి చేర్పించినప్పుడు నేనూ జడే చూశాను.

పిన్ని అంటే వరసకి పిన్నే గాని, నాకు ఊహ తెలిసేసరికే అమ్మ లేదు. నాకు తల దువ్విందీ, జ్వరమొస్తే పక్కన కూచుందీ ఆవిడే. ఆవిడకి పిల్లల్లేరు. బాబాయి పోయాక నరసరావుపేటలో మా ఇంటికే తెచ్చుకున్నాను. మాది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. పిన్నికి మోకాళ్లు లేవు. పొద్దున్న తొమ్మిదింటికి మావారూ నేనూ చెరో ఆఫీసుకీ వెళ్తే, సాయంత్రం ఆరింటిదాకా ఆవిడ ఒక్కతే. చివరికి ఆవిడే అంది, "నలుగురు మనుషులున్న చోట ఎక్కడన్నా చేర్పించవే అమ్మాయ్. ఈ గోడలతో ఎంతకని మాట్లాడను?" అని. బంధువులు మాత్రం ఊరుకుంటారా? "పెంచిన మనిషిని ఆశ్రమంలో పడేసింది" అన్నారు. అన్నవాళ్లలో ఒక్కరూ, "నాలుగు రోజులు మా ఇంట్లో ఉంచుకుంటాం" అనలేదనుకోండి!

మొదటి ఆశ్రమం చాలా బాగుంది. అంటే, హాలు చాలా బాగుంది. పాలరాతి గచ్చు. గోడల నిండా నిర్వాహకులుగారు శాలువాలు కప్పించుకుంటున్న ఫోటోలు. మనిషి మాత్రం జెండా పండక్కి తప్ప కనిపించేవారు కాదు. ఓ ఆదివారం మామిడిపళ్లు పట్టుకుని వెళ్లాను. పిన్ని మణికట్టు బూరెలా పొంగి ఉంది. స్నానాలగదిలో జారిపడి మూడు రోజులైందిట! ఆఫీసు గదిలోకి వెళ్లి అడిగితే, "మా దగ్గర అలాంటివి జరగవండీ" అని రిజిస్టరు తెరిచి చూపించారు. మూడు రోజులూ పిన్ని పేరుకి ఎదురుగా "కుశలం" అని రాసి ఉంది.

ఆయామీద విరుచుకుపడ్డాను. ఆ పిల్ల గేటుదాకా నా వెనకే వచ్చి, "చెబితే నామీదికొస్తదని చెప్పలేదమ్మా. పోయిన నెల ఒకామె ఇట్టాగే చెప్పి పని పోగొట్టుకుంది" అంది. నా కోపం కాస్తా దిగిపోయి, దాని చోట భయం వచ్చింది. ఆ పిల్ల చెడ్డది కాదు. నిజం చెబితే కూడు పోయే చోట పనిచేస్తోంది, అంతే.

ఇప్పుడున్న ఆశ్రమం చిన్నది. పాత ఇంటికి నాలుగు గదులు కలిపి కట్టారు. పేరు రాయను; రాస్తే ఇది కాస్తా ప్రకటన అయిపోతుంది. చేర్పించానే గాని, నెలరోజులు నాకు సరిగా నిద్ర లేదు. ఇక్కడ మాత్రం ఏం దాస్తున్నారో! ఫోను మోగితే చాలు, గుండె దడ.

అలా ఉండగా కార్తీకమాసంలో అక్కడి మేనేజరమ్మ ఫోను చేసి, "ఎత్తిపోతల దగ్గర వనభోజనాలు పెట్టుకున్నాం, మీరూ రండి" అంది. పెద్దవాళ్లకి ఎత్తిపోతలేమిటి, ఆ మెట్లేమిటి అని గొణుక్కుంటూనే బయల్దేరాం.

మాచర్ల మీదుగా వచ్చే చంద్రవంక అక్కడ సుమారు 70 అడుగుల ఎత్తునించి దూకుతుంది. కింద మడుగులో మొసళ్లు. యతులు తపస్సు చేసిన చోటు గనక "యతి తపో తలం" అన్నారనీ, అదే నోళ్లలో నలిగి ఎత్తిపోతల అయిందనీ ఒక కథ చెబుతారు. దత్తాత్రేయుడి గుడికి మెట్లు దిగాలి. మేనేజరమ్మ ఎవర్నీ రమ్మనలేదు, ఎవర్నీ వద్దనలేదు. "ఎవరెవరు దిగుతారు?" అని అడిగింది. చెయ్యెత్తిన ఐదుగురికీ ఐదుగుర్ని తోడిచ్చింది. మిగిలినవాళ్లకి జలపాతం కనబడేలా నీడన కుర్చీలు వేయించింది. పిన్ని చెయ్యెత్తి, సగం లేచి, మళ్లీ కూలబడింది. "మొసళ్లని ఇక్కణ్ణించే పలకరిస్తాలే" అంది.

భోజనాలకి చాపలు పరుస్తూండగా నడివయసు ఆయా ఒకామె మేనేజరమ్మ దగ్గరికి గబగబా వచ్చింది. "అమ్మా, మధ్యాన్నం మాత్రల పెట్టె బల్లమీదే మర్చిపోయొచ్చా. నాదే పొరపాటు."

నేను ఊపిరి బిగబట్టాను. ఇంతమంది చుట్టాల ఎదట ఏం తిడుతుందో అని. ఆవిడ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. కోపం రాకపోలేదు, మింగింది. "వెంటనే చెప్పావు, అదే మంచిది" అంది. తన సంచీలోంచి డాక్టరు చీటీల నకళ్ల కట్ట తీసింది. ఆ కట్ట పట్టుకుని మావారు మా కారులో మాచర్ల మందులషాపుకి పరిగెత్తారు. భోజనం తర్వాత వేసుకోవాల్సిన మాత్రలే గనక పెద్దవాళ్లకి వడ్డన ఆగలేదు. ఆవిడ మాత్రం తినలేదు. ఎవరి మాత్ర వాళ్ల చేతిలో పడ్డాక అప్పుడు కూచుంది. ఆ ఆయా పక్కనే, అదే చాపమీద, అదే పులిహోర, అదే చల్లారిపోయిన పప్పు. "ఈసారి బస్సెక్కే ముందు నువ్వొకసారి, నేనొకసారి చూద్దాం" అంది ముద్ద కలుపుకుంటూ. అంతే! ఇంకో మాట లేదు.

ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

పొరపాటు జరగని ఇల్లు ఉంటుందా? మన వంటింట్లో మనం ఎన్నిసార్లు పాలు పొంగించలేదు! జరిగిన పొరపాటు కిందివాళ్లనించి పైవాళ్లకి ఎంతసేపట్లో చేరుతుందన్నదే తేడా. అక్కడ మూడు రోజులకీ చేరలేదు. ఇక్కడ మూడు నిమిషాలు పట్టలేదు.

పల్నాటి వాళ్లకి ఇది తెలియని సంగతి కాదు. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒక్క చాపమీద కూచోబెట్టి చాపకూడు పెట్టించాడని ఇప్పటికీ చెప్పుకుంటాం. కులాల సంగతి ఎలాగూ గొప్పదే. ఆ రోజు నాకు ఇంకొకటి కూడా తోచింది. పక్కన కూచుని తినే మనిషికి నిజం చెప్పడం తేలిక. ఎత్తు కుర్చీలో కూచున్నవారికి "కుశలం" అనే చెబుతాం.

1881లో రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు, వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ రామన్నారు. రాజ్యలక్ష్మమ్మగారు తానే వండారు, గోదావరి నీళ్లు తానే మోశారు. నీడ కోరి వచ్చిన ఆడపిల్లలకి ఆవిడ తల్లి అయింది ఉపన్యాసాలతో కాదు, ఆ బిందెతో.

ఇప్పుడు చట్టాలూ ఉన్నాయి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో, జిల్లాకొకటితో మొదలుపెట్టి కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకి చోటుండేలా ప్రభుత్వం ఆశ్రమాలు పెట్టవచ్చని ఉంది. ఆ ఆశ్రమాల్లో వైద్యంతోపాటు వినోదానికి కూడా ప్రమాణాలు ఏర్పరచవచ్చని రాశారు. అంటే వనభోజనాలు విలాసం కాదన్నమాట! కాని ఆయా గుండెల్లో భయం ఉందో లేదో ఏ రిజిస్టరు చూసి చెప్పగలం? అది మనమే కనిపెట్టాలి.

అందుకని, మీకు ఆ అవసరం వస్తే – రాకూడదని కోరుకుంటాను గాని, రావడం నేరమేమీ కాదు – చెప్పకుండా భోజనాల వేళకి వెళ్లండి. మేనేజరు ఎక్కడ, ఏం తింటున్నారో చూడండి. తర్వాత వారి ఎదుటే ఆయాని, "ఈ వారం ఏం పొరపాటు జరిగిందమ్మా?" అని అడగండి. జవాబు చెప్పేముందు ఆమె మేనేజరు మొహంలోకి చూసిందా, లేచి వచ్చేయండి. గడగడా చెప్పేసిందా, నిశ్చింతగా కూచోండి.

సాయంత్రం అందరూ బస్సెక్కుతుంటే మనసు పీకింది. "రెండ్రోజులు ఇంటికి రా పిన్నీ, మావారు ఎత్తుకునైనా మెట్లెక్కిస్తారు" అన్నాను.

"రేపు చిక్కుడుకాయలు వలిచే వంతు నాదే అమ్మాయ్" అంది పిన్ని. నా చేతిమీద తన చెయ్యి వేసింది – ఆ మణికట్టే – "నువ్వే వచ్చే ఆదివారం రా. భోజనాల వేళకి రా. చాపమీద చోటుంది."