జాలీకి కిలో లెక్క కుదరదు

పూజగదికి స్టీలు జాలీ తలుపు చేయించుకునేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. డిజైన్ చూపించగానే అందరూ అడిగేది ఒకటే, "కిలో ఎంత?" అని. నన్నడిగితే జాలీకి అంత తప్పుడు కొలత ఇంకోటి లేదు. రంధ్రాలు ఎక్కువైనకొద్దీ పని పెరుగుతుంది, తూకమేమో తగ్గుతుంది! ఒక్కో రంధ్రానికీ ముందు రేకును పొడవాలి, ఆ తర్వాతే కోత.

మావారికి జీడిమెట్లలో చిన్న లేజర్ కటింగ్ షాపు ఉంది. మెషిన్ కొన్నప్పుడు బ్యాంకు అప్పు పోగా తక్కువపడ్డ డబ్బుకి నా గాజులు తాకట్టుకెళ్ళాయి. పని చూస్తే రాత్రి పదింటిదాకా, నెలాఖరుకి వాయిదా కట్టాలంటే మాత్రం వెతుకులాట. అందుకే పోయినేడాది లెక్కల పుస్తకం నేను తీసుకున్నాను. చదివింది ఇంటరే అయినా, దీనికి కూడికలు, భాగహారాలు వస్తే చాలండీ.

ముందు మెషిన్ గంట ధర. వాయిదా, అద్దె, జీతాలు, రిపేర్లు కలిపితే మాకు నెలకు 2,50,000. మావారు 25 రోజులు, రోజుకు 8 గంటలు అని 200తో భాగించి గంటకు 1,250 అనేవారు. కానీ మెషిన్ ఎనిమిది గంటలూ కోస్తుందా? రేకు ఎక్కించాలి, డిజైన్ సర్దాలి, ఆర్డరు లేకపోతే ఊరికే ఉండాలి. నెలరోజులు రాయిస్తే నిజంగా కోసింది 125 గంటలే తేలింది. అంటే గంటకు 2,000. కరెంటు 200 కలిపితే నిమిషానికి 37 రూపాయలు. ఖాళీగా ఉన్న గంటకి కూడా అద్దె కడుతున్నాం కదా, దాన్ని పనిచేసిన గంటే మోయాలి.

ఇక గ్యాసు. మనం వంటింట్లో బండ మార్చిన రోజు క్యాలెండర్ మీద రాసుకుంటామా లేదా? షాపులో కుర్రాడితో అదే చేయించాను. ఏ సిలిండరు ఎన్ని నిమిషాల కోతకు వచ్చిందో సుద్దముక్కతో దానిమీదే రాయమన్నాను. చూస్తే కళ్ళు తిరిగాయి. మామూలు ఇనుప రేకుకు వాడే ఆక్సిజన్ నాలుగైదు గంటలు వస్తోంది. స్టెయిన్‌లెస్‌కు వాడే నైట్రోజన్, అదే సైజు సిలిండరు, ఇరవై నిమిషాలకే ఖాళీ!

కారణం ఆపరేటర్ చెప్పాడు. ఆక్సిజన్ ఇనుముతో కలిసి మండి కోతకు తానే సాయపడుతుంది, కొద్ది ఒత్తిడి చాలు. నైట్రోజన్ అలా మండదు. కరిగిన లోహాన్ని గట్టిగా ఊదేసి, అంచు నల్లబడకుండా మెరిసేట్టు ఉంచుతుంది. దానికి 15 బార్ దాకా ఒత్తిడి కావాలి. మాకు సిలిండరు రవాణాతో 400. అంటే నైట్రోజన్ నిమిషానికి 20 రూపాయలు, ఆక్సిజన్ రూపాయిన్నర. రెండింటికీ ఒకే రేటు చెప్తే ఎలా?

నలభై నిమిషాలు పట్టిన ఒక జాలీకి కిలో లెక్కన మేం కోత కింద తీసుకున్నది 1,400. మెషిన్‌కే 1,480 అయింది, గ్యాసుకు ఇంకో 800. మా లాభం మాట దేవుడెరుగు, 880 చేతినుంచి వేశాం.

మావారు ఆ కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు. "పాత పార్టీ, రేటు పెంచితే పోతాడు" అన్నారు. "ఏమండీ, అతనొచ్చిన ప్రతిసారీ మనమే ఎదురు డబ్బిస్తున్నాం కదా" అన్నాను. ఆ పార్టీ వచ్చినప్పుడు నేనూ షాపులోనే ఉన్నాను. "వదినా, పక్క షాపులో తక్కువే" అన్నాడు. కాదనలేదు. పైకి కనబడని ముక్కలైతే నైట్రోజన్ బదులు కంప్రెసర్ గాలితో కోస్తాం, అంచు కాస్త మసకగా ఉంటుంది గానీ ఖర్చు తగ్గుతుంది అని చెప్పాను. ఆలోచిస్తానని వెళ్ళాడు. జాలీ పని పక్క షాపుకే ఇచ్చాడు. ఇనుప రేకు పని మాత్రం ఇప్పటికీ మాకే తెస్తున్నాడు, మాకు మిగిలేదీ అందులోనే.

ఇప్పుడు బల్లమీద అద్దం కింద నేను రాసిన పట్టీ ఉంటుంది. నిమిషానికి మెషిన్ ఒక గడి, గ్యాసు ఒక గడి, రేకు ధర, లాభం వేరే. ఈ నెల నైట్రోజన్ సిలిండరు మీద 30 రూపాయలు పెంచారు. గ్యాసు గడిలో 20 కొట్టేసి 21.50 రాశాను.